రెండు దేశాల పగను చల్లార్చిన బడులు

డెన్మార్క్, జర్మనీల మధ్య నేల మీది సరిహద్దు దాదాపు 70 కిలోమీటర్లే. ఆ చిన్న గీత కోసం రెండు దేశాలు తరాల తరబడి తగువు పడ్డాయి. నేడు అవే దేశాలను మంచి ఇరుగుపొరుగుకు ఉదాహరణగా యూరప్‌లో చెబుతున్నారు. ఈ మార్పులో సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న చిన్న భాషా బడులకు పెద్ద పాత్రే ఉంది. అలాంటి బడుల్లోనే చదివే మన పిల్లలు, చెప్పే మన ఉపాధ్యాయులు ఈ సంగతి తెలుసుకుంటే బాగుంటుంది.

తగువంతా ష్లెస్విగ్ అనే సీమ గురించి. ఉత్తరాన డేనిష్, దక్షిణాన జర్మన్, నడుమ రెండు భాషలూ వినిపించే నేల అది. 1864 యుద్ధంలో ప్రష్యా, ఆస్ట్రియా కలిసి డెన్మార్క్‌ను ఓడించడంతో అది చేజారింది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడాక, 1920లో ప్రజలనే ఓటు అడిగారు. ఉత్తర భాగంలో నూటికి 75 మంది డెన్మార్క్ కావాలన్నారు. దక్షిణ భాగంలో 80 మంది జర్మనీ చాలన్నారు. దాని ప్రకారమే గీత గీశారు. మరి ఓడిన ఓటర్ల మాటేమిటి? వాళ్లు ఇల్లూ ఊరూ విడవకుండానే పరాయి దేశంలో అల్పసంఖ్యాకులై మిగిలారు.

1940 ఏప్రిల్ 9న హిట్లర్ సేనలు డెన్మార్క్‌ను ఆక్రమించాయి. అక్కడి జర్మన్ మైనారిటీలో చాలామంది హిట్లర్ పక్షం చేరారు. 1945లో ఆక్రమణ తొలగాక వారిలో ఎందరికో జైలు శిక్షలు పడ్డాయి, జర్మన్ బడులు మూతపడ్డాయి. అదే సమయంలో గీతకు దక్షిణాన ఓ వింత జరిగింది. ఓడిపోయి, ఆకలితో ఉన్న జర్మనీలో డెన్మార్క్ మీద ఒక్కసారిగా మోజు పుట్టింది. ‘మేమూ డేనిష్‌వాళ్లమే’ అంటూ ఎంతోమంది పిల్లలను డేనిష్ బడుల్లో చేర్చారు. డెన్మార్క్ పంపే తిండి పొట్లాల కోసమే ఈ ప్రేమంటూ గిట్టనివాళ్లు వారికి ‘పందిమాంసం డేన్‌లు’ అని పేరు పెట్టారు. డెన్మార్క్ ప్రభుత్వం మాత్రం ఆ మోజు చూసి భూమి అడగలేదు. సరిహద్దు మారదని 1945లోనే తేల్చి చెప్పింది.

అసలు మలుపు 1955లో వచ్చింది. పశ్చిమ జర్మనీ నాటో కూటమిలో చేరాలనుకుంది. అప్పటికే సభ్యదేశమైన డెన్మార్క్, తమవాళ్ల హక్కుల సంగతి చూడమంది. ఆ మార్చి 29న జర్మనీ ఛాన్సలర్ అడెనావర్, డెన్మార్క్ ప్రధాని హాన్సెన్ బాన్ నగరంలో కలిశారు. ఒప్పందం రాసుకోలేదు. ఎవరి దేశంలోని మైనారిటీకి వారు విడిగా హామీ ప్రకటించారు. నేను డేనిష్ అనో, జర్మన్ అనో ఎవరైనా చెప్పుకోవచ్చు, అది నిజమా అని అధికారులు ఆరా తీయకూడదు. పాత ఎగతాళికి అదే జవాబు. డెన్మార్క్‌లోని జర్మన్ బడులకు గుర్తింపు ఉన్న పరీక్షలు జరుపుకొనే వీలు కలిగింది. ష్లెస్విగ్-హోల్‌స్టెయిన్ శాసనసభలో చోటుకు కనీసం 5 శాతం ఓట్లు రావాలన్న నిబంధన నుంచి డేనిష్ మైనారిటీ పార్టీని మినహాయించారు.

ఇప్పుడు జర్మనీ వైపు సుమారు 50 వేల మంది డేనిష్‌వాళ్లు, డెన్మార్క్ వైపు సుమారు 15 వేల మంది జర్మన్లు ఉన్నారని అంచనా. జర్మనీ వైపు డేనిష్ బడులే 40కి పైగా ఉన్నాయి. ఫ్లెన్స్‌బర్గ్‌లోని డుబోర్గ్ పాఠశాల 1920 నుంచి నడుస్తోంది. అక్కడ ఉన్నత చదువు ముగించినవారు రెండు దేశాల్లో ఎక్కడైనా విశ్వవిద్యాలయంలో చేరవచ్చు.

స్పర్ధ లేకుండా పోలేదు. 1992 యూరప్ ఫుట్‌బాల్ ఫైనల్లో జర్మనీని 2–0తో ఓడించిన ఘనతను డెన్మార్క్ నేటికీ మరువదు. అడవిపందులు జ్వరం మోసుకొస్తాయని 2019లో డెన్మార్క్ సరిహద్దు పొడవునా కంచె వేస్తే జర్మనీ వైపు చాలామంది నొచ్చుకున్నారు.

అన్నింటికన్నా గట్టి పరీక్ష 2010లో ఎదురైంది. పొదుపు పేరుతో ష్లెస్విగ్-హోల్‌స్టెయిన్ ప్రభుత్వం డేనిష్ బడుల పిల్లలకిచ్చే సాయాన్ని 85 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. పిల్లలు, తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. డెన్మార్క్ నాయకులు అభ్యంతరం చెప్పారు. జర్మనీ కేంద్ర ప్రభుత్వం కొంత సొమ్ము సర్దింది. 2012 ఎన్నికల తర్వాత వచ్చిన ప్రభుత్వం పూర్తి సాయాన్ని పునరుద్ధరించింది. బడి గ్రాంటులో కోత పడితే రెండు దేశాల రాజధానులూ కదిలాయి.

మనకూ దారి లేకపోలేదు. 1956లో రాష్ట్రాలు పునర్వ్యవస్థీకరించినప్పుడే, భాషా మైనారిటీ పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్య అందే ఏర్పాట్లు చేయాలంటూ రాజ్యాంగంలో 350ఏ అధికరణం చేర్చారు. కర్ణాటక, తమిళనాడు, ఒడిశాల్లో తెలుగు బడులున్నట్టే ఆంధ్రప్రదేశ్‌లో కన్నడ, తమిళ, ఒడియా బడులున్నాయి. అంటే మన పిల్లలు వారి దగ్గర, వారి పిల్లలు మన దగ్గర చదువుతున్నారు. అక్కడి తెలుగు బడికి టీచరు రావాలని మనం అడిగేటప్పుడు, ఇక్కడి ఒడియా బడికి పుస్తకాలు వేళకు చేరాయా అని కూడా అడుగుదాం. అప్పుడే మన మాటకు విలువ ఉంటుంది.