పీఎఫ్‌లో కార్మికుడికి మిగిలేదేమిటి

ఉద్యోగుల భవిష్య నిధిని అందరూ పీఎఫ్ అనే అంటారు. జీతం చేతికి రాకముందే కొంత పక్కకు తీసి, దానికి యజమాని వాటా కలిపి, ఉద్యోగం ముగిశాక వడ్డీతో ఇచ్చే పొదుపు ఇది. 1951 నవంబరులో ఆర్డినెన్స్‌గా మొదలై 1952లో చట్టమైంది. తొలుత ఆరు పరిశ్రమలకే వర్తించింది. వాటిలో సిమెంటు ఒకటి. సున్నపురాయి మీద నిలబడ్డ కర్నూలు, కడప సీమకు ఆ చట్టం అలా మొదటినుంచే దగ్గరిది. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న బేతంచెర్ల దగ్గరి సిమెంట్ నగర్, కడప జిల్లాలో యర్రగుంట్ల, చిలమకూరు, నల్లలింగాయపల్లి వంటి చోట్ల ఫ్యాక్టరీలు వెలిశాక, వానను నమ్ముకున్న ఇళ్లలోకి నెలజీతంతో పాటు పీఎఫ్ నంబరూ వచ్చింది.

లెక్క ఇలా ఉంటుంది. మూల వేతనం, కరువు భత్యం కలిపి 15,000 రూపాయలున్న కార్మికుడి జీతంలో 12 శాతం, అంటే 1,800 పట్టుకుంటారు. యజమాని కూడా 1,800 కట్టాలి. కార్మికుడి వాటా మొత్తం పీఎఫ్ ఖాతాకే పోతుంది. యజమాని వాటాలో 1,250 పింఛను నిధికి వెళ్లి, మిగిలిన 550 ఖాతాలో పడుతుంది. నెలకు ఖాతాలో చేరేది 2,350. దీనికి వడ్డీని ఏటా ప్రకటిస్తారు. 2023-24లోనూ 2024-25లోనూ అది 8.25 శాతం.

పన్ను దగ్గర చాలామంది పొరబడతారు. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లు చెప్పే 401(కె) అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతాలో సాధారణంగా పన్ను వాయిదా పడుతుందే తప్ప పోదు. కట్టేటప్పుడు మినహాయించి, తీసుకునేటప్పుడు వసూలు చేస్తారు. పీఎఫ్‌లో అయిదేళ్ల సర్వీసు నిండాక తీసే సొమ్ముకు పన్ను లేదు. కార్మికుడి వాటాకు పాత పన్ను విధానంలో లక్షన్నర పరిమితికి లోబడి మినహాయింపు దొరుకుతుంది, కొత్త విధానంలో దొరకదు. యజమాని వాటాకు మాత్రం రెండింటిలోనూ ఉంది. పెద్ద జీతగాళ్లకు 2021 ఏప్రిల్ నుంచి ఒక కట్టుబాటు పెట్టారు. సొంత వాటా ఏడాదికి రెండున్నర లక్షలు దాటితే, ఆ పైమొత్తం మీద వచ్చే వడ్డీకి పన్ను పడుతుంది.

అయితే పదిహేను, ఇరవై వేల జీతగాడికి పన్ను పడేదే లేదు. కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం వరకూ జీతం మీద పన్ను కట్టనక్కర్లేదు. కాబట్టి సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలెత్తే మనిషికి పీఎఫ్ అంటే పన్ను ఆదా అని చెప్పడం అతకని మాట. అతని లాభమంతా యజమాని కలిపే వాటాలో ఉంది, ఆ తర్వాత పింఛనులో ఉంది. అందుకే ఆ వాటా నిజంగా పడుతోందో లేదో చూసుకోవడమే అసలు పని. కాంట్రాక్టు కూలీల విషయంలో ఇది మరీ ముఖ్యం. రెండు వాటాలూ కూలీ జీతం నుంచే పట్టుకోవడం చట్టవిరుద్ధం. కాంట్రాక్టరు ఎగ్గొడితే ఆ బాధ్యత పని చేయించుకున్న అసలు కంపెనీ మీద పడుతుంది. ఖాతాలో ఏ నెల ఎంత పడిందో యూఏఎన్ అనే సభ్యుడి శాశ్వత నంబరుతో ఫోన్‌లోనే చూసుకోవచ్చు. తేడా వస్తే ఫిర్యాదుకు కడపలో ప్రాంతీయ కార్యాలయం ఉంది.

కాంట్రాక్టరు మారినప్పుడల్లా ఉన్నది తీసేసుకోవడం మామూలైపోయింది. పెళ్లో, బోరుబావో అవసరం ముందు నిలబడుతుంది, తప్పుపట్టడానికి లేదు. కానీ అలా తీస్తే పోయేది వడ్డీ ఒక్కటే కాదు. అయిదేళ్లలోపు తీస్తే ఆ సొమ్ము పన్ను లెక్కలోకి వస్తుంది. అది 50,000 దాటితే ముందే 10 శాతం కోస్తారు, పన్ను పడేంత ఆదాయం లేదని డిక్లరేషన్ ఇస్తే తప్ప. జబ్బు చేసో, కంపెనీ మూతపడో ఉద్యోగం పోతే ఈ అయిదేళ్ల నిబంధన వర్తించదు. పింఛను సొమ్ము కూడా తీసేసుకుంటే అంతవరకు చేసిన సర్వీసు చెరిగిపోతుంది. నెలనెలా పింఛనుకు పదేళ్ల సర్వీసు ఉండాలి, పూర్తి మొత్తం 58 ఏళ్లకు మొదలవుతుంది. పాత ఖాతాను కొత్త ఖాతాకు బదిలీ చేయించుకుంటే సర్వీసు కలుస్తుంది.

ఆ పింఛను ఎంత? చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. 15,000 జీతానికి పదేళ్లయితే నెలకు సుమారు 2,143 వస్తుంది. లెక్కలోకి తీసుకునే జీతం 2014 సెప్టెంబరు నుంచి ఆ 15,000 దగ్గరే ఆగిపోయింది. కనీస పింఛను 1,000 కూడా అప్పటిదే. ధరలు పెరిగిన తీరు చూస్తే ఇది పింఛను కన్నా చేతిఖర్చుకు దగ్గర. ఉద్యోగంలో ఉండగా మనిషి చనిపోతే కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల బీమా వస్తుంది. దాని చందా పూర్తిగా యజమానిదే. నామినీ పేరు నమోదై ఉంటే ఇంటివాళ్లకు తిరుగుడు తగ్గుతుంది.

ఇరవై మందికి తక్కువున్న చోట చట్టం తప్పనిసరి కాదు. పది, పదిహేను మందితో నడిచే నాపరాళ్ల పాలిష్ యూనిట్ అలా దీని బయటే ఉండిపోతుంది. యజమాని, పనివాళ్లలో ఎక్కువమంది ఒప్పుకుంటే అలాంటి యూనిట్ కూడా స్వచ్ఛందంగా చేరవచ్చు. లేకపోతే 2019లో వచ్చిన శ్రమయోగి మాన్‌ధన్ ఉంది. నెల ఆదాయం 15,000 దాటని, 18 నుంచి 40 ఏళ్ల లోపు అసంఘటిత కార్మికులు అందులో చేరితే అరవై దాటాక నెలకు 3,000 పింఛను వస్తుంది. వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయల దాకా కట్టాలి. అంతే మొత్తం కేంద్రం కలుపుతుంది, యజమాని వాటా ఉండదు.