వ్రాసే చేయి, వినే చెవి

హయత్‌నగర్‌లో ఒక తెలుగు ఉపాధ్యాయుడు సాయంకాలము బడినుండి ఇల్లు చేరినాడనుకొందము. బల్లమీద సగము వ్రాసిన వ్యాసమున్నది. ఆ రాత్రి రవీంద్రభారతిలో పేరుగల విద్వాంసుని కచ్చేరి ఉన్నది. ఎల్.బి. నగర్ వరకు బస్సులో వెళ్లి, అక్కడ మెట్రో రైలెక్కి, లక్డీకాపూల్‌లో దిగవలెను. తిరిగి ఇల్లు చేరుసరికి బాగా ప్రొద్దుపోవును. వెళ్లినచో వ్యాసము నిలిచిపోవును. వెళ్లకున్నచో మనసు వ్యాసముమీద నిలువదు. రేడియోలో విన్నను సరిపోదు. ఎదుట కూర్చున్న గాయకుడు రాగమును అప్పటికప్పుడు పెంచుచుండగా వినుటలోని ఆనందము వేరు.

ఈ చిక్కు కొత్తది కాదు. దీనిని జీవితమంతయు మోసి, చివరకు దానినే వరముగా మార్చుకొన్న పండితుడు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు. ఆయన 1893లో అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో జన్మించినారు. చదువుకొరకు మైసూరు చేరి, 1912లో కట్టమంచి రామలింగారెడ్డిగారి ప్రోత్సాహముతో మహారాజా కళాశాలలో తెలుగు పండితులైనారు. దాదాపు నాలుగు దశాబ్దములు అక్కడనే బోధించినారు.

ఆనాటి మైసూరు సంగీతమునకు పుట్టినిల్లు. వీణ శేషన్నగారు ఆస్థాన విద్వాంసులు. బిడారం కృష్ణప్పగారి గానము ఊరంతటికి పండుగ. శర్మగారు కేవలము శ్రోతగా ఉండక, కృష్ణప్పగారివద్ద శిష్యులై సంగీతము నేర్చుకొన్నారు. పగలు తరగతిలో ప్రబంధము, తీరికవేళ సంగీతము, వీటి నడుమ రచన. కాలము కొలిచి ఇచ్చునదే కాబట్టి ఒకదానికి ఇచ్చినది మరొకదానికి తగ్గక తప్పదు. యౌవనమున ‘తారాదేవి’, ‘మీరాబాయి’ వంటి కావ్యములు వ్రాసిన ఆయన గ్రంథముల పట్టిక పొడవైనది కాదు. అయినను అందులో ‘వేమన’ ఉపన్యాసములున్నవి, ‘సారస్వతాలోకము’ ఉన్నది, ‘గానకళ’ ఉన్నది. ప్రాకృత గాథాసప్తశతినుండి ఏరి తెలిగించిన పద్యములున్నవి. గాథ అను మాటలోనే గానమున్నది. అట్టి పద్యమును తెలుగులోనికి తెచ్చుటకు నిఘంటువు ఒక్కటే చాలదు, చెవియు కావలెను.

ఆ చెవికి అసలు పరీక్ష 1950 ప్రాంతమున తిరుపతిలో వచ్చినది. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకులమీద శతాబ్దములపాటు తిరుమల ఆలయములో ఉండిపోయినవి. వాటి పరిష్కరణకు ఎంతో పాటుపడిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1950లో కీర్తిశేషులైనారు. ఆ బాధ్యత శర్మగారికి వచ్చినది. లభించిన పాటలు 12,000కు పైబడినవి. ప్రతి పాటకు రాగము పేరు చెక్కియున్నది గాని స్వరము లేదు. పాడుకొను పరంపర తెగిపోయినది. సాహిత్యము మాత్రమే ఎరిగిన పండితుడు వాటిని శుద్ధముగా అచ్చువేయగలడు. అవి పుస్తకములలోనే ఉండిపోవును. గాయకుడొక్కడే అయినచో పాత మాటల అర్థము తెలియక తడబడును. మాట ఎచ్చట విరుగునో, భావము ఎచ్చట ఊపిరి తీయునో, పల్లవికి చరణము ఎట్లు తిరిగి వచ్చునో ఎరిగినవాడు కావలెను. శర్మగారు పాఠమును పరిష్కరించినారు. నూరింటికి పైగా కీర్తనలకు స్వరరచన చేసినారు. ఆనాటినుండి అన్నమయ్య పాట మరల కచ్చేరి వేదిక నెక్కినది.

మైసూరులో సంగీతమునకిచ్చిన సాయంకాలములను ఎవరైన లెక్కగట్టి, అన్ని పుటలు వ్రాయక పోయినవని నష్టము చెప్పియుండవచ్చును. ఆ సాయంకాలములే లేకున్నచో తిరుపతిలో ఈ పని సగమై మిగిలెడిది. 1974లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీతకళానిధి బిరుదమునిచ్చినది. తెలుగు పండితుడొకడు ఆ బిరుదమునందుట ఆ రెండు వ్యాసంగములకును జరిగిన సత్కారము. 1979లో ఆయన కన్నుమూసినారు.

అందరికిని అంతటి ప్రతిభ ఉండదు. కాని ఆయన పద్ధతినుండి గ్రహించదగినదొకటి ఉన్నది. ఆయన సంగీతమును రచనకు విరామముగా చూడలేదు. దానిని గురుముఖమున నేర్చుకొన్నారు, దానిని గురించి వ్రాసినారు, తుదకు దానితోనే తెలుగునకు సేవచేసినారు. వినోదముగా మాత్రమే విన్న పాట ఆ పూటతో పోవును. శ్రద్ధగా విన్నది ఎప్పుడో ఒకనాడు వాక్యములో పలుకును.

కాబట్టి హయత్‌నగర్ ఉపాధ్యాయుడు నేడు కచ్చేరికి వెళ్లవచ్చును. రేపు తెల్లవారుజామున లేచి, సగములో ఆగిన వ్యాసమును పైకి చదివి చూడవలెను. ఏ వాక్యము శ్రుతి తప్పినదో, రాత్రి విన్న చెవియే చెప్పును.