హైదరాబాద్‌లో దూసుకెళ్లిన జెన్ 3 కారు.. పాతదాని కంటే ఎందుకంత ఫాస్ట్? అసలు సీక్రెట్ బ్రేకుల్లోనే!

విజయవాడ వన్ టౌన్‌లో బండి నడిపేవాళ్లకు ఒక విషయం బాగా తెలుసు. కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల సందుల్లో మీ బండి టాప్ స్పీడ్ ఎంతన్నది లెక్కలోకి రాదు. ఎంత త్వరగా ఆగుతుంది, ఎంత తేలిగ్గా తిరుగుతుంది, కాస్త ఖాళీ దొరగ్గానే ఎంత వేగంగా అందుకుంటుంది.. అక్కడ ఇదే ముఖ్యం. సిటీ రోడ్ల మీద జరిగే రేసుల్లోనూ సేమ్ టు సేమ్!

దీనికి మంచి ఉదాహరణ మన పక్కనే ఉంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ తీరంలో ఫార్ములా ఈ రేస్ జరిగింది. దేశంలో ఈ ఎలక్ట్రిక్ కార్ల రేస్ జరగడం అదే తొలిసారి. సచివాలయం, ఎన్టీఆర్ మార్గ్ మీదుగా 2.83 కిలోమీటర్ల ట్రాక్.. అందులో 18 మలుపులు. అక్కడ పరుగెత్తింది కొత్త తరం కారు, పేరు జెన్ 3. అంతకుముందు నాలుగు సీజన్ల పాటు వాడిన జెన్ 2 కంటే ఇది ఎందుకు బెటర్? ఆ వివరాలు చూద్దాం.

బ్యాటరీ తగ్గింది.. పవర్ పెరిగింది!

జెన్ 2 గరిష్ఠ పవర్ 250 కిలోవాట్లు, అంటే దాదాపు 335 హార్స్‌పవర్. జెన్ 3లో అది 350 కిలోవాట్లకు పెరిగింది. అంటే సుమారు 470 హార్స్‌పవర్ అన్నమాట. టాప్ స్పీడ్ లక్ష్యం గంటకు 280 కిలోమీటర్ల నుంచి 320కి వెళ్లింది.

ఇక్కడే ట్విస్ట్. పవర్ పెరిగితే బ్యాటరీ కూడా పెద్దది కావాలి కదా? కానీ చిన్నదైంది. జెన్ 2లో రేసుకు వాడుకునే కరెంటు సుమారు 52 కిలోవాట్ అవర్లు. జెన్ 3లో సుమారు 38.5 మాత్రమే. బ్యాటరీ చిన్నదైంది కాబట్టి బరువూ తగ్గింది. డ్రైవర్‌తో కలిపి 900 కిలోలు దాటే కారు 840 కిలోలకు వచ్చింది. ముందు, వెనక చక్రాల మధ్య దూరం కూడా 3,100 మిల్లీమీటర్ల నుంచి 2,970కి తగ్గించారు. పొట్టి బండి ఇరుకు మలుపులో త్వరగా తిరుగుతుందని వన్ టౌన్‌ ఆటోవాలాలకు వేరే చెప్పక్కర్లేదు.

మరి కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది?

బ్రేకుల నుంచే! మామూలు కారులో బ్రేక్ వేస్తే వేగం అంతా వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది. ఎలక్ట్రిక్ కారులో మాత్రం బ్రేక్ వేసినప్పుడు మోటారే జనరేటర్‌లా తిరుగుతుంది. కారును నెమ్మదింపజేస్తూనే బ్యాటరీని ఛార్జ్ చేస్తుంది. జెన్ 2లో వెనక మోటార్ ఒక్కటే ఈ పని చేసేది, అదీ గరిష్ఠంగా 250 కిలోవాట్లు. జెన్ 3లో ముందు చక్రాలకు కూడా ఒక మోటార్ పెట్టారు. రెండూ కలిపి 600 కిలోవాట్ల దాకా వెనక్కి రాబడతాయి. రేసులో వాడే కరెంటులో 40 శాతానికి పైగా ఇలా బ్రేకింగ్‌తోనే వస్తుందని నిర్వాహకుల లెక్క.

అందుకే వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులు పూర్తిగా తీసేశారు. ఇది డ్రైవర్లను కలవరపెట్టింది. మోటార్ మొరాయిస్తే కారు ఆగేదెలా? చివరికి అత్యవసర బ్రేక్ వ్యవస్థను అదనంగా చేర్చాల్సి వచ్చింది.

స్పీడ్ సరే.. గ్రిప్ సంగతేంటి?

అన్నీ ప్లస్‌లే కాదు. పవర్ పెరిగినా టైర్లు గట్టివి కావడంతో రోడ్డు మీద పట్టు సరిపోవట్లేదని డ్రైవర్లు మొదటి నుంచీ అన్నారు. ఇరుకు ట్రాక్ మీద బ్రేకింగ్ అంచనా ఎంత కీలకమో హైదరాబాద్ రేసులోనే కనిపించింది. ఒక షార్ప్ టర్న్‌లో సామ్ బర్డ్ కారు వెళ్లి మిచ్ ఎవాన్స్ కారును గుద్దేసింది. ఇద్దరూ ఒకే టీమ్, జాగ్వార్! ఇద్దరి రేసూ అక్కడితో ఖతం. మరోవైపు జీన్ ఎరిక్ వెర్న్, వెనకే తరుముతున్న నిక్ క్యాసిడీ కంటే తక్కువ ఛార్జ్ మిగిలినా చివరిదాకా లాక్కొచ్చి, అర సెకను కూడా లేని తేడాతో గెలిచాడు. బ్రేకింగ్ తప్పినవాళ్లు అవుట్, ఛార్జ్‌ను పొదుపుగా వాడినవాడు విన్నర్.

జెన్ 3 ఎవోలో ఏం మారింది?

గ్రిప్ సమస్యకు జవాబు 2024-25 సీజన్‌లో వచ్చిన జెన్ 3 ఎవో. ఇందులో గరిష్ఠ పవర్ అదే 350 కిలోవాట్లు. కానీ అప్పటిదాకా ఛార్జింగ్‌కే పరిమితమైన ముందు మోటార్, ఇప్పుడు కారును ముందుకు కూడా లాగుతుంది. రేస్ స్టార్ట్‌లో, క్వాలిఫయింగ్ డ్యుయెల్స్‌లో, అటాక్ మోడ్‌లో నాలుగు చక్రాలూ పని చేస్తాయి. టైర్ల పట్టు కూడా 5 నుంచి 10 శాతం పెంచారు. ఫలితం? సున్నా నుంచి గంటకు 96 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 1.82 సెకన్లు చాలు. కళ్లు రెండుసార్లు ఆర్పేలోపు అన్నమాట!

రోడ్డు మీద తిరిగే ఎలక్ట్రిక్ హైపర్‌కార్లదీ ఇదే దారి. మహీంద్రా చేతిలో ఉన్న పినిన్‌ఫరీనా కంపెనీ తయారుచేసిన బాటిస్టాలో ఒక్కో చక్రానికి ఒక్కో మోటార్ ఉంటుంది. రెండు టన్నులు దాటే ఆ బండి 1,900 హార్స్‌పవర్‌తో 1.86 సెకన్లలో 100 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఎవో మాత్రం అందులో నాలుగో వంతు పవర్‌తోనే దాదాపు అదే టైమింగ్ కొడుతోంది. తక్కువ బరువుకు ఉన్న విలువ అది.

హైదరాబాద్‌లో 2024 ఫిబ్రవరిలో జరగాల్సిన రెండో రేస్ రద్దైంది. దీంతో ఎవో మన రోడ్డెక్కలేదు. కానీ అందులోని టెక్నిక్ మాత్రం ఇప్పటికే మన వీధుల్లో ఉంది. చాలా ఎలక్ట్రిక్ స్కూటర్లలో యాక్సిలరేటర్ వదలగానే బండి నెమ్మదిస్తూ బ్యాటరీకి కాస్త కరెంటు పంపుతుంది. ముందున్న ట్రాఫిక్‌ను చూసి ముందే యాక్సిలరేటర్ వదిలేస్తే ఛార్జ్ మిగులుతుంది. దగ్గరికెళ్లి సడన్ బ్రేక్ కొడితే అది వేడిగా పోతుంది. వన్ టౌన్ ట్రాఫిక్‌లో ఈసారి ఇది ట్రై చేసి చూడండి!