మబ్బుల్లో మెజెంటా గీత

కిటికీ బయట మబ్బు తప్ప ఏమీ కనపడనప్పుడు పైలట్ చూపంతా తెర మీది మెజెంటా గీత మీదా, దాని పక్కన కదిలే సూది మీదా ఉంటుంది. ఆ సూది అర్థం దారిలో మారిపోతూ ఉంటుంది. నేటి పరికరాల్లో సుదూర ప్రయాణంలో సూది చివరికంటా జరిగిందంటే విమానం గీతకు 2 నాటికల్ మైళ్లు పక్కకు పోయిందని లెక్క. విమానాశ్రయం చుట్టుపక్కలకు వచ్చాక అదే జరుగుడుకి 1 మైలు. ఆఖరి దిగుడులో 0.3 మైలే, అంటే సుమారు 555 మీటర్లు. ఈ మార్పంతా జీపీఎస్ పెట్టే చేసుకుంటుంది. చేసుకుందో లేదో చూడాల్సింది మాత్రం పైలటే.

దిగే దారిని పైలట్ తన చేత్తో బిందువు బిందువుగా టైపు చేసుకోకూడదు. డేటాబేస్‌లోంచి పేరు పెట్టి పిలవాల్సిందే. ఆ డేటాబేస్ ఆయుష్షు 28 రోజులు. ప్రపంచమంతా ఒకే గురువారం మారుతుంది.

అసలు చిక్కు రన్‌వే దాకా వచ్చి, అది కనపడక మళ్లీ పైకి లేవాల్సినప్పుడు. ఇక్కడ పెట్టె కావాలనే ఆగిపోతుంది! అప్పటిదాకా ఒక బిందువు దాటగానే తర్వాతి బిందువుకి తనే దారి చూపించింది. ఈ ఆఖరి బిందువు దగ్గర మాత్రం 'సస్పెండ్' అని రాసి ఊరుకుంటుంది. కారణం ఉంది. చాలాచోట్ల ముందు తిన్నగా ఇన్ని అడుగులు ఎక్కాకే తిరగాలన్న నియమం ఉంటుంది. తొందరపడి తర్వాతి బిందువు వైపు తిప్పితే కొండ ఎదురుకావచ్చు. కాబట్టి 'ఇక పద' అని చెప్పే బటన్ పైలట్ వేలి కింద ఉంచారు. పాత మోడళ్లలో అదో చిన్న మీట, కొత్తవాటిలో తెర మీదే ప్రశ్న వస్తుంది. ఇంజిన్ల హోరులో, కంట్రోలర్ మాట్లాడుతుండగా, చక్రాలు పైకి లాగుతూ ఆ ఒక్క నొక్కుడు మరిచిపోవడం ఎంత తేలికో ఏ శిక్షకుడైనా చెబుతాడు.

బయల్దేరేటప్పుడూ ఇలాంటిదే. 'ఫలానా ఎత్తు చేరాక ఎడమకు తిరుగు' అన్న మెట్టు ఉందనుకోండి. విమానం ఎత్తు కొలిచే పరికరంతో సంబంధం లేని పాత పెట్టెకు ఆ ఎత్తు ఎప్పుడొచ్చిందో తెలియదు. పైలట్ చెప్పాలి.

పెట్టెకు నాలుగు ఉపగ్రహాలు కనపడితే మన స్థానం తెలుస్తుంది. ఏదో ఒకటి తప్పు చెబుతోందని పసిగట్టాలంటే అయిదో సాక్షి కావాలి. ఆ తప్పుడు సాక్షి ఎవరో పట్టుకుని బయటికి పంపాలంటే ఆరోది.

1995 డిసెంబరు 20 రాత్రి. కొలంబియాలోని కాలీ నగరానికి దిగుతున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 965 పైలట్లు 'రోజో' అనే రేడియో బీకన్ కోసం కంప్యూటర్‌లో 'ఆర్' కొట్టారు. పటం మీద దాని గుర్తు అదే. డేటాబేస్‌లో మాత్రం ఆర్ అంటే దూరాన బొగోటా దగ్గరున్న 'రోమియో'. విమానం విధేయంగా అటు తిరిగింది. కొండను ఢీకొని 159 మంది చనిపోయారు, నలుగురు బతికారు. అది జీపీఎస్ పెట్టె కాదు, ఫ్లైట్ మేనేజ్‌మెంట్ కంప్యూటర్. అయినా డేటాబేస్‌లోంచి బిందువును పిలిచే పద్ధతి రెండింటికీ ఒకటే. అందుకే ఈ కథ నేటికీ పాఠంగా చెబుతారు.

రన్‌వే పక్కన రేడియోతో దారి చూపే ఖరీదైన ఐఎల్ఎస్ యాంటెన్నాలు లేకుండానే, అనువైన చోట 200 అడుగుల ఎత్తు దాకా మబ్బులో దిగనిచ్చే ఉపగ్రహ సవరణ వ్యవస్థను అమెరికా 2003లో మొదలుపెట్టింది. మనది గగన్. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం దాని సాయంతో పరీక్షగా దిగింది. గగన్ సంకేతాలు మోసే జీశాట్-8, 10, 15 ఉపగ్రహాలు మన శ్రీహరికోట నుంచి కాదు, దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానా నుంచి ఎగిరాయి. మన అక్షాంశాల్లో గగన్‌కి పని ఎక్కువ. భూమధ్యరేఖకు దగ్గరైన కొద్దీ అయనోవరణం అల్లరి పెరిగి, సంకేతాలు ఆలస్యమవుతాయి. ఆ ఆలస్యాన్ని లెక్కగట్టి సరిదిద్దడమే దాని ముఖ్యమైన పని.

ఇక ఈ దారుల్లోని బిందువుల పేర్లకు సాధారణంగా అయిదు అక్షరాలు, రేడియోలో పలకడానికి వీలుండాలి. పేర్లు పెట్టేవాళ్లు ఈ నియమంతోనే సరదా తీర్చుకుంటారు. అమెరికాలోని కాన్సస్ సిటీ బార్బెక్యూకి పేరుమోసింది కదా, అక్కడి బిందువుల్లో 'స్పైసీ', 'బార్బెక్యూ', 'టర్కీ', 'స్మోక్', 'రిబ్స్' వరసగా వడ్డించారు. న్యూహాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్‌లో 16వ రన్‌వేకి దిగే దారి మరీ చిలిపిది: 'ఐటాట్', 'ఐటావా', 'పుడీ', 'టాట్'. కార్టూన్లో ట్వీటీ పిట్ట ముద్దుముద్దుగా 'పిల్లిని చూశాననుకున్నా' అనే మాట! దిగడం కుదరక పైకి లేస్తే వెళ్లాల్సిన బిందువు 'ఐడీడ్'. అవును, నిజంగానే చూశానని.