యజమాని జేబు – క్లబ్బు లెక్క

మన తెలుగు బడికి వచ్చే పిల్లల్లో కొందరికి అచ్చుల వరుస కన్నా మాంచెస్టర్ సిటీ ఆటగాళ్ల వరుసే ముందు నోటికి వచ్చి ఉంటుంది. ఇందులో ఆశ్చర్యపోవలసిందేమీ లేదు. అబుదాబి విమాన సంస్థ ఎతిహాద్ పేరు ఆ జట్టు చొక్కా మీద ఉంటుంది, దాని స్టేడియానికీ అదే పేరు. అందుకే పిల్లల లెక్కలో అది "మన అబుదాబి వాళ్ల జట్టు". ఆ జట్టు మీద కేసు అని, జరిమానా అని టీవీలో వార్త వచ్చినప్పుడు వాళ్లు సూటిగా ఒక ప్రశ్న వేస్తారు: "డబ్బు వాళ్లది, ఖర్చు పెట్టుకునేదీ వాళ్లే. మధ్యలో వద్దనడానికి వేరేవాళ్లెవరు?"

మంచి ప్రశ్న. పెద్దవాళ్లలోనూ చాలామందికి దీనికి జవాబు తెలియదు. జవాబు వెతుకుతూ పోతే మేము మాంచెస్టర్ నుంచి పోర్ట్స్‌మత్ మీదుగా హైదరాబాదు కోళ్ల ఫారం దాకా రావలసి వచ్చింది. వరసగా చెబుతాం.

2008 సెప్టెంబరు 1న అబుదాబి రాజకుటుంబానికి చెందిన షేక్ మన్సూర్ బిన్ జాయెద్ అల్ నహ్యాన్ గారి అబుదాబి యునైటెడ్ గ్రూప్, థాయిలాండ్ మాజీ ప్రధాని తక్సిన్ షినవత్ర నుంచి మాంచెస్టర్ సిటీని కొనడానికి ఒప్పందం చేసుకుంది. ఆటగాళ్ల కొనుగోళ్లకు అదే ఆఖరి రోజు. ఆ రాత్రే రియల్ మాడ్రిడ్ నుంచి రొబీన్యోను 3 కోట్ల 25 లక్షల పౌండ్లకు తెచ్చారు. అప్పటికి బ్రిటన్‌లో అదే రికార్డు. 1976 తరువాత ఒక్క పెద్ద కప్పూ గెలవని జట్టు అది. 1998-99లో మూడో డివిజనులో ఆడింది కూడా. అలాంటిది 2011లో ఎఫ్.ఏ. కప్పు, 2012లో ఆఖరి నిమిషంలో అగ్వేరో కొట్టిన గోలుతో లీగ్, 2023లో ఒకే ఏడాది మూడు పెద్ద కప్పులు గెలిచింది. అంతకు ముందే 2003లో రష్యా ధనికుడు అబ్రమోవిచ్ చెల్సీని కొని ఇలాంటి దారే చూపించాడు.

ఇక మిగతా క్లబ్బుల గోల ఏమిటో పిల్లలకు అర్థం కావాలంటే, షార్జా రోలా దగ్గర ఓ అయిదు టిఫిన్ సెంటర్లు ఉన్నాయనుకుందాం. అందరివీ చిన్న వ్యాపారాలే, అమ్మిన ఇడ్లీలతోనే జీతాలు. ఒక సెంటరు యజమానికి కోటీశ్వరుడైన అన్నగారు ఉన్నాడు. "తమ్ముడూ, నష్టం సంగతి నేను చూసుకుంటాను, నువ్వు మంచి వంటవాళ్లను పెట్టుకో" అన్నాడు. తమ్ముడు పక్క సెంటరులో దోసెల మాస్టారుకు మూడింతల జీతం ఇచ్చి లాక్కున్నాడు. మిగిలిన నలుగురూ ఊరుకుంటే గిరాకీ పోతుంది, కనక వాళ్లు అప్పు చేసి మరీ జీతాలు పెంచారు. కొన్నాళ్లకు ఆ అన్నగారికి వ్యాపారంలో దెబ్బ తగిలింది, లేదా టిఫిన్ల మీద మోజు తీరింది. డబ్బు ఆగింది. ఇప్పుడు అయిదు సెంటర్లూ మునిగాయి. జీతాల కాగితాలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఇది మేము అల్లిన కథే గాని, పోర్ట్స్‌మత్ విషయంలో దాదాపు ఇలాగే జరిగింది, అందులో మన ఊరి వాసన కూడా ఉంది. 2008లో సిటీ కొనుగోలు సమయంలో అందరి ముందుకూ వచ్చి మాట్లాడిన సులైమాన్ అల్ ఫహీమ్ అనే ఇక్కడి వ్యాపారి, 2009 ఆగస్టులో తన సొంతంగా పోర్ట్స్‌మత్ క్లబ్బును కొన్నారు. అప్పులన్నీ ఆయన చేసినవి కావు. చాలా భాగం అంతకు ముందు యజమాని కాలం నాటివి. 2008లో ఎఫ్.ఏ. కప్పు గెలిచిన జట్టు ఆ గెలుపును భరించలేని జీతాలతో కొనుక్కుంది. ఆరు వారాలు తిరక్కుండానే అక్టోబరులో ఆయన 90 శాతం వాటా వేరొకరికి అమ్మేశారు. ఆ ఒక్క సీజనులోనే క్లబ్బుకి నలుగురు యజమానులు మారారు. 2010 ఫిబ్రవరిలో ప్రీమియర్ లీగ్ చరిత్రలోనే మొదటిసారిగా ఒక క్లబ్బు దివాలా రక్షణ కిందికి వెళ్లింది. 9 పాయింట్లు కోత పడ్డాయి, జట్టు కింది డివిజనుకు దిగిపోయింది.

అంతకన్నా బాధ కలిగించేది బాకీల జాబితా. మైదానంలో దెబ్బ తగిలినవాళ్లకు కట్టు కట్టే సెయింట్ జాన్ అంబులెన్స్ అనే స్వచ్ఛంద సంస్థకు బాకీ, ఊళ్లోని స్కౌట్ పిల్లల దళానికి బాకీ. ఇంగ్లండు ఫుట్‌బాల్ నియమం ప్రకారం ఆటగాళ్లకూ మిగతా క్లబ్బులకూ ఇవ్వవలసింది పూర్తిగా ముందు ఇచ్చెయ్యాలి. ఊరివాళ్లకు మాత్రం చివరకు పౌండుకు 20 పెన్నీలు ఇస్తామన్నారు. కోట్లు తీసుకునే ఆటగాడికి పూర్తి జీతం, స్కౌట్ పిల్లలకు అయిదో వంతు! 2013లో అభిమానులే తలా కొంత వేసుకుని ఆ క్లబ్బును కొని నిలబెట్టుకున్నారు.

ఇలాంటివి చూసిన తరువాతే లెక్కల కళ్లెం వచ్చింది. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుయెఫా 2010లో చేసిన నియమం సారాంశం ఇంతే: క్లబ్బు ఫుట్‌బాల్ ద్వారా సంపాదించినదానికి లోబడే ఖర్చు పెట్టాలి. సంపాదన అంటే టికెట్లు, టీవీ హక్కులు, ప్రకటనలు, ఆటగాళ్ల అమ్మకం. కొద్దిపాటి నష్టానికి అనుమతి ఉంది. స్టేడియం కట్టడానికీ, పిల్లల శిక్షణకూ ఎంత పెట్టినా అడగరు, ఎందుకంటే అవి యజమాని వెళ్లిపోయినా ఊళ్లో ఉండిపోతాయి. ఇంగ్లండు ప్రీమియర్ లీగ్ 2013లో తన నియమం తాను పెట్టుకుంది: మూడేళ్లకు కలిపి నష్టం 10 కోట్ల 50 లక్షల పౌండ్లు దాటకూడదు. 2025 నవంబరులో క్లబ్బులు దీన్ని మార్చడానికి ఓటు వేశాయి. 2026-27 నుంచి జట్టు మీద పెట్టే ఖర్చు రాబడిలో 85 శాతానికి మించకూడదన్నది కొత్త లెక్క. యుయెఫా పోటీల్లో ఈ హద్దు 70 శాతమే.

నియమం ఉన్నచోట దొడ్డిదారులూ ఉంటాయి. టిఫిన్ సెంటరు అన్నగారు డబ్బు నేరుగా ఇవ్వకూడదంటే, తన ఆఫీసుకు ప్లేటు ఇడ్లీ 500 దిర్హాముల చొప్పున కొంటానంటాడు. కాగితం మీద అది అమ్మకమే! అందుకే యజమానికి సంబంధించిన సంస్థ ప్రకటన ఇస్తే, బయట ఎవరైనా అంత ఇస్తారా అని ధర సరిచూస్తారు. ఇంకొకటి, ఆటగాడిని కొన్న ధరను ఒప్పందం ఉన్నన్నేళ్లకూ పంచి రాస్తారు. 10 కోట్లకు కొని అయిదేళ్ల ఒప్పందం చేస్తే ఏడాదికి 2 కోట్లే ఖర్చు. చెల్సీ వారు ఎనిమిదేళ్లకు పైబడిన ఒప్పందాలు చేసి ఆ భాగాన్ని ఇంకా చిన్నది చేసుకున్నారు. దాంతో 2023లో అయిదేళ్లకు మించి పంచకూడదని గీత గీశారు. క్లబ్బులోనే పెరిగిన కుర్రాడికి కొన్న ధర అంటూ ఉండదు కాబట్టి, అతన్ని అమ్మితే వచ్చినదంతా లాభంగానే రాస్తారు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఇప్పుడు మనవాళ్ల దగ్గరకు వద్దాం. బండా వాసుదేవరావు గారు 1971లో హైదరాబాదులో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించారు. 1982లో గుడ్డు ధరను దళారి కాదు, రైతే నిర్ణయించుకోవాలని జాతీయ గుడ్ల సమన్వయ సంఘం పెట్టించినవారూ ఆయనే. సంస్థ తరువాత పుణె కేంద్రంగా పెరిగి వెంకీస్ పేరుతో మన ఇళ్లకు చేరింది. ఆయన పిల్లలు అనూరాధా దేశాయ్, వెంకటేశ్, బాలాజీ గార్ల చేతుల్లో ఉండగా 2010 నవంబరులో ఆ సంస్థ ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్ రోవర్స్ క్లబ్బును 2 కోట్ల 30 లక్షల పౌండ్లకు కొంది. ప్రీమియర్ లీగ్ క్లబ్బుకు మొట్టమొదటి భారతీయ యజమానులు వారే. అప్పట్లో మనమందరం ఎంత మురిసిపోయామో!

బ్లాక్‌బర్న్ 1875లో పుట్టిన క్లబ్బు, చిన్న మిల్లుల ఊరు. దానికి ధనిక యజమాని కొత్త కాదు. ఆ ఊళ్లోనే పుట్టి ఉక్కు వ్యాపారంలో సంపాదించిన జాక్ వాకర్ 1991లో క్లబ్బును చేతికి తీసుకుని, అలన్ షియరర్ లాంటివాళ్లను కొని, 1995లో మాంచెస్టర్ యునైటెడ్‌ను ఒక్క పాయింటు తేడాతో వెనక్కి నెట్టి లీగ్ గెలిపించాడు. అప్పుడు అడిగే నియమం లేదు. 2000లో ఆయన చనిపోయాక, ఆయన కుటుంబ ట్రస్టు నుంచే వెంకీస్ కొన్నది.

తరువాతి కథ చెప్పాలంటే మనసొప్పదు. కొన్న నెలలోపే అనుభవజ్ఞుడైన మేనేజరు శామ్ అలర్డైస్‌ను తీసేశారు. 2012లో జట్టు కింది డివిజనుకు దిగింది. దిగిపోయిన ఆట జరుగుతుండగా కోపంతో ఒక అభిమాని మైదానంలోకి కోడిని వదిలాడు. యజమానులు డబ్బు ఇవ్వలేదా అంటే, ఇచ్చారు. అప్పుల రూపంలో, వాటాల రూపంలో ఈ ఏళ్లలో 20 కోట్ల పౌండ్లకు పైనే పెట్టారు. ఇచ్చినా లెక్క అడ్డొచ్చింది. రెండో డివిజను నష్టాల హద్దు దాటినందుకు 2014 డిసెంబరులో డబ్బిచ్చి ఆటగాళ్లను కొనకూడదని నిషేధం వేశారు, అది ఏడాది నడిచింది. 2017లో మూడో డివిజనుకు పడ్డారు. ప్రీమియర్ లీగ్ గెలిచిన క్లబ్బు అంత కిందికి పడడం అదే మొదటిసారి. మరుసటి ఏడాదే తిరిగి పైకి వచ్చారు. యజమానులు పారిపోలేదు, ఆ మాట కూడా చెప్పాలి.

అసలు పాఠం ఇంకా తరువాత వచ్చింది. భారతదేశంలో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ విచారణ ఒకటి నడుస్తుండడంతో, 2023లో క్లబ్బుకు డబ్బు పంపాలంటే ఢిల్లీ హైకోర్టు అనుమతి కావలసి వచ్చింది. ఆ వ్యవహారం తప్పొప్పులు కోర్టు తేల్చేవి, మనం తీర్పు చెప్పం. కానీ ఫలితం చూడండి. ఢిల్లీలో వాయిదా పడితే, ఏడువేల కిలోమీటర్ల అవతల లాంకషైర్‌లో కొనుగోళ్ల లెక్కలు తిరగరాసుకోవాలి. 2024 ఫిబ్రవరి 1న బ్లాక్‌బర్న్‌లోనే పుట్టి, చిన్నప్పటినుంచి ఆ క్లబ్బులోనే పెరిగిన ఆడమ్ వార్టన్‌ను క్రిస్టల్ ప్యాలెస్‌కు అమ్మారు. ఇందాక చెప్పాం కదా, ఇంటి కుర్రాడి అమ్మకం మొత్తం లాభమే. ఆ వేసవిలోనే అతను ఇంగ్లండు జాతీయ జట్టుతో యూరో కప్పుకు వెళ్లాడు. 2014లో డబ్బు ఉంది, ఇస్తామన్నారు, నియమం ఒప్పుకోలేదు. 2023లో నియమం కాదు, డబ్బు దారే ఇరుకైంది. నియమం ఎందుకు పెట్టారో ఈ రెండో సంగతే చెబుతుంది. యజమాని మంచివాడా చెడ్డవాడా అన్నది కాదు, అతని డబ్బు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో ఏ రోజైనా ఆగవచ్చు.

ఇక పిల్లలు అడిగే సిటీ కేసు. 2014లో యుయెఫాతో రాజీకి వచ్చి 6 కోట్ల యూరోల జరిమానాకు ఒప్పుకున్నారు, అందులో 4 కోట్లు షరతులకు లోబడి నిలిపి ఉంచినది. 2020 ఫిబ్రవరిలో యుయెఫా రెండేళ్ల నిషేధం వేసింది. ఆ జూలైలో స్విట్జర్లాండులోని క్రీడా న్యాయస్థానం నిషేధాన్ని కొట్టేసింది. కొన్ని ఆరోపణలు రుజువు కాలేదు, కొన్నింటికి గడువు దాటిందని చెప్పి, విచారణకు సహకరించనందుకు మాత్రం కోటి యూరోల జరిమానా ఉంచింది. 2023 ఫిబ్రవరిలో ప్రీమియర్ లీగ్ వందకు పైగా ఆరోపణలు మోపింది. యజమాని పక్షం నుంచి వచ్చిన డబ్బును ప్రకటనల రాబడిగా చూపారా అన్నది అందులో ముఖ్యం, అంటే మన 500 దిర్హాముల ఇడ్లీ ప్రశ్నే. క్లబ్బు అన్నింటినీ ఖండించింది. 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా విచారణ జరిగింది. ఆరోపణ వేరు, రుజువు వేరు అని పిల్లలకు విడమరిచి చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఎవర్టన్‌కు 2023 నవంబరులో 10 పాయింట్లు కోసి, అప్పీలులో 6కు తగ్గించి, 2024 ఏప్రిల్లో మళ్లీ 2 కోశారు. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు 4 పోయాయి. చిన్నవాళ్లకు వెంటనే, పెద్దవాళ్లకు ఏళ్ల తరబడి ఎందుకని మన పిల్లల్లాగే ఇంగ్లండు పిల్లలూ అడుగుతున్నారు. హద్దు దాటామని లెక్కలే చెప్పినప్పుడు శిక్ష ఎంత అన్నదే మిగులుతుంది. లెక్కే తప్పని ఒక పక్షం, కాదని రెండో పక్షం అంటే కాగితాలన్నీ తిరగెయ్యాలి.

నియమం న్యాయంగా ఉందా అంటే, మాకు సగమే ఉందనిపిస్తుంది. అప్పుతో ఆడడాన్ని ఆపడం మంచిదే. కానీ రాబడిని బట్టి ఖర్చు అంటే, ఇప్పటికే పెద్ద రాబడి ఉన్న మాంచెస్టర్ యునైటెడ్, రియల్ మాడ్రిడ్ లాంటివాళ్లకు ఆ నియమం కోటగోడలా కాపలా కాస్తుంది. 2021లో సౌదీ నిధి న్యూకాజిల్‌ను కొన్నా, 2008లో సిటీ ఖర్చు పెట్టినట్టు పెట్టలేకపోయింది. వాకర్ గారి బ్లాక్‌బర్న్ నేటి నియమాల కింద 1995లో గెలిచేదా? అనుమానమే. అప్పు కాకుండా, తిరిగి అడగని డబ్బు ముందే బ్యాంకులో కట్టించుకుని ఖర్చు పెట్టనిస్తే బాగుండునని మా మాట.

ఇంట్లో పెద్ద పిల్లలుంటే ఒక పని చేయించవచ్చు. బ్రిటన్‌లో కంపెనీల లెక్కలన్నీ కంపెనీస్ హౌస్ అనే ప్రభుత్వ కార్యాలయం ఉచితంగా చూడనిస్తుంది. తమ అభిమాన క్లబ్బు వార్షిక లెక్క తీసి మూడే అంకెలు రాయమనండి: మొత్తం రాబడి, జీతాలు, యజమానికి ఉన్న బాకీ. రెండో అంకెను మొదటి అంకెతో భాగించడం ఆరో తరగతి లెక్కే. బ్లాక్‌బర్న్‌ది కూడా ఒకటి తీయించండి.