ఓడిన గేమును మళ్లీ చూడండి: మన గ్రాండ్‌మాస్టర్ల నుంచి ఒక పాఠం

 

మన బడిలో చెస్ బోర్డులు బయటికి తీసినప్పటి నుంచి రెండు ప్రశ్నలు తరచుగా వస్తున్నాయి. కొందరు "ఈ ఆట వల్ల మార్కులొస్తాయా, మాస్టారూ?" అని అడుగుతున్నారు. ఇంకొందరు "మా వాడు గ్రాండ్‌మాస్టర్ అవుతాడంటారా?" అంటున్నారు. రెండింటికీ దాచకుండా జవాబు చెప్పడం నా బాధ్యత.

ముందు గ్రాండ్‌మాస్టర్ అంటే ఏమిటో చూద్దాం. మామూలుగా ఒక టోర్నమెంట్ గెలిచినంత మాత్రాన ఆ బిరుదు రాదు. అంతర్జాతీయ చెస్ సమాఖ్య, అంటే ఫిడే, దానికి నియమాలు పెట్టింది. ఆటగాడి రేటింగ్ 2500 చేరాలి. దానితోపాటు నార్మ్‌లు కావాలి, మామూలుగా మూడు. గట్టి ఆటగాళ్లున్న టోర్నమెంటులో 2600 రేటింగ్ స్థాయి ఆట చూపిస్తే ఒక నార్మ్ వస్తుంది. దీనికి ఏళ్లు పడుతుంది, ఊళ్లు తిరగాలి, డబ్బు ఖర్చవుతుంది. మన ఒడిశాకు మొదటి గ్రాండ్‌మాస్టర్ దేబాశిస్ దాస్. ఆయనకు ఆ బిరుదు వచ్చింది 2013లో. అంటే ఇంత పెద్ద రాష్ట్రం అన్నేళ్లు ఎదురుచూసింది.

కాబట్టి రెండో ప్రశ్నకు నా జవాబు: చాలామంది పిల్లలు అవరు. మరి ఎందుకు నేర్పడం? ఆ పైకి వెళ్లినవాళ్లు ఓటమితో ఎలా మెలిగారో చూస్తే మీకే తెలుస్తుంది.

గుకేశ్ పేరు మీరందరూ విన్నారు. పుట్టింది 2006లో, చెన్నైలో, తెలుగు కుటుంబంలో. ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకో భాష. బరంపురం పిల్లలకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. 12 ఏళ్ల 7 నెలల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. అప్పటి ప్రపంచ రికార్డు 17 రోజుల తేడాతో తప్పిపోయింది. 2024 ఏప్రిల్‌లో టొరంటోలో క్యాండిడేట్స్ టోర్నమెంట్ ఆడాడు. ప్రపంచ చాంపియన్‌తో ఎవరు తలపడాలో తేల్చే పోటీ అది. ఏడో రౌండులో ఫిరూజా చేతిలో ఓడిపోయాడు. మర్నాడు విశ్రాంతి రోజు. ఆ తర్వాత మిగిలిన ఏడు గేముల్లో ఒక్కటి కూడా ఓడకుండా 14కి 9 పాయింట్లతో మొదటి స్థానంలో నిలిచాడు. ఈ పోటీ నాదే అవుతుందని తనకు అనిపించింది ఆ ఏడో గేము ఓడిన తర్వాతేనని అతనే చెప్పాడు.

అదే ఏడు సింగపూర్‌లో డింగ్ లిరెన్‌తో ప్రపంచ టైటిల్ పోరు. మొదటి గేమే, అదీ తెల్లపావులతో, ఓడిపోయాడు. మూడో గేము గెలిచాడు. 11వది గెలిచి ముందుకొచ్చాడు. వెంటనే 12వది ఓడాడు. 14 గేముల పోరులో చివరి గేము నాటికి ఇద్దరికీ చెరి ఆరున్నర పాయింట్లు.

పిల్లలూ, డిసెంబరు 12న జరిగిన ఆ 14వ గేము చివరి ఎత్తులు మీరు బోర్డు మీద పెట్టి చూడాలి. గుకేశ్‌వి నల్లపావులు. అతనికి ఒక బంటు ఎక్కువ ఉంది. అంతే తేడా. ఇద్దరి దగ్గరా ఒక్కో ఏనుగు, ఒక్కో శకటు (మీరు ఒంటె అంటారే, అదే) ఉన్నాయి. జాగ్రత్తగా ఆడితే డ్రా అయ్యే గేము. 55వ ఎత్తులో డింగ్ ఏనుగుల మార్పిడికి దారి ఇచ్చాడు. చూడటానికి పొరపాటులా కనిపించదు. కానీ అతని శకటు మూలగదిలో ఇరుక్కుని ఉంది. మూలలో ఉన్న శకటుకు ఒకటే దారి. ఏనుగులు పోయాక గుకేశ్ తన శకటును సరిగ్గా ఆ దారిలోకి తెచ్చి నిలబెట్టాడు. ఇక శకటుల మార్పిడి తప్పదు. మిగిలింది రాజులు, బంట్లు. అప్పుడు ఆ ఒక్క బంటే గెలిపిస్తుంది. 58 ఎత్తులకు డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు. 18 ఏళ్లకే గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1985లో కాస్పరోవ్ చాంపియన్ అయినప్పుడు వయసు 22.

ఈ గేము నుంచి మీరు నేర్చుకోవాల్సింది ఒకటుంది. మార్పిడి చేసే ముందు, చేశాక బోర్డు మీద ఏం మిగులుతుందో చూసుకోండి.

ఇక కోనేరు హంపి. కృష్ణా జిల్లా గుడివాడలో 1987లో పుట్టింది. 2002లో, 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ బిరుదు తెచ్చుకుంది. అప్పటికి ప్రపంచంలో అంత చిన్న వయసులో ఆ బిరుదు పొందిన అమ్మాయి లేదు. 2011లో ప్రపంచ మహిళా టైటిల్ కోసం హౌ యిఫాన్‌తో టిరానాలో ఆడింది. ఎనిమిది గేముల్లో మూడు ఓడి, ఐదు డ్రా చేసి, ఒక్కటీ గెలవలేకపోయింది. తర్వాత బిడ్డ పుట్టాక కొంతకాలం ఆటకు దూరంగా ఉంది. తిరిగొచ్చి 2019లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో మొదటి రౌండే ఓడింది. అయినా 11 రౌండ్లకు 8.5 పాయింట్లతో రెండోసారి అదే టైటిల్ గెలిచింది. మొదటి పరీక్షలో మార్కులు తగ్గగానే "ఇక నా వల్ల కాదు" అనే పిల్లలకు ఈ టోర్నమెంటు సంగతి చెప్పండి.

గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక 2012, 2015, 2017లలో ప్రపంచ మహిళా చాంపియన్‌షిప్‌లో మూడుసార్లు సెమీఫైనల్ దాకా వెళ్లి ఆగిపోయింది. మూడు కాంస్యాలు. ఒక్కసారి ఫైనల్ గుమ్మం దాటలేదు. ఆట మాత్రం మానలేదు. మన ఒడిశా అమ్మాయి పద్మిని రౌత్ 2014 ఒలింపియాడ్‌లో రిజర్వ్ బోర్డు మీద ఆడి వ్యక్తిగత స్వర్ణం తెచ్చింది. రిజర్వ్ అంటే తక్కువ అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ పేర్ల వెనక ఇంటివాళ్ల కష్టం పెద్దది. గుకేశ్ తండ్రి ఈఎన్‌టీ సర్జన్. కొడుకు వెంట దేశాలు తిరగడానికి ప్రాక్టీసు పక్కన పెట్టారు. తల్లి సంపాదన మీద ఇల్లు నడిచింది. పిల్లవాడు నాలుగో తరగతి తర్వాత రోజూ బడికి వెళ్లడం మానేశాడు. హంపి తండ్రి లెక్చరర్ ఉద్యోగం వదిలి కూతురికి కోచ్ అయ్యారు. ఆయన స్వయంగా ఆటగాడు కాబట్టి అది కుదిరింది. వీళ్లను చూసి ఎవరూ పిల్లల్ని బడి మాన్పించకండి, అప్పు చేసి కోచింగుకు పంపకండి. ఒక్కరు అందుకున్న చోట ఎందరు మధ్యలో ఆగిపోతారో పేపర్లో రాదు.

వీళ్ల దగ్గర నుంచి మనం ఖర్చు లేకుండా తీసుకోగలిగింది ఒక అలవాటు. పెద్ద గేముల్లో ఆటగాళ్లు ప్రతి ఎత్తూ కాగితం మీద రాసుకోవాలి. అది నియమం. గేము అయ్యాక, ముఖ్యంగా ఓడాక, ఆ కాగితం ముందు పెట్టుకుని ఎక్కడ దారి తప్పామో వెతుకుతారు. ఓడినందుకు ఏడవరని కాదు. ఏడ్చాక కూర్చుంటారు.

మన పిల్లలు ఓడిపోగానే పావులన్నీ చేత్తో కలిపేస్తున్నారు. తప్పు వాళ్లది కాదు. పరీక్ష పేపర్లు ఇచ్చినప్పుడు నేనూ చాలా ఏళ్లు మార్కులు చదివి, కట్ట కట్టి బీరువాలో పెట్టేశాను. తప్పు చేసిన లెక్కను మళ్లీ చేయించలేదు. ఇంటికెళ్తే మీరూ "ఎన్నొచ్చాయి?" అనే అడుగుతారు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, పై చదువుల్లో ఇంగ్లీషు. మూడు భాషల మధ్య నడిచే పిల్లలకు తప్పులు ఎక్కువే దొర్లుతాయి. వాటిని దాచేయడం నేర్పితే చదువు అక్కడే ఆగుతుంది. మొదటి ప్రశ్నకు నా జవాబు కూడా ఇదే: చెస్ మార్కులు తేదు, కానీ తప్పును చూసుకునే ఓపిక తెస్తుంది. అది ఒకసారి వస్తే లెక్కల పేపరుకూ పనికొస్తుంది.

అందుకని ఇకనుంచి ఇలా చేద్దాం:

చెస్ ఆడే ప్రతి విద్యార్థీ ఒక రూళ్ల నోటుబుక్కు తేవాలి. ఎత్తులు అందులో రాయాలి. గడుల పేర్లు రాయడం మేం నేర్పుతాం. తెలుగు మీడియమా, ఒడియా మీడియమా అని ఆ రాతకు తేడా లేదు.

శనివారం చివరి పీరియడ్‌లో కొత్త గేము ఉండదు. ఆ వారం ఓడిన గేము ఒకటి తెచ్చి, గెలిచినవాడితో కలిసి మళ్లీ చూడాలి.

పరీక్ష పేపర్లు ఇకమీదట ఇంటికి పంపుతాం. తల్లిదండ్రులు సంతకం పెట్టే ముందు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, తప్పిన ప్రశ్న ఒక్కటి మళ్లీ చేయించండి. మీకు చదువు రాకపోయినా ఫర్వాలేదు. "ఇది ఎక్కడ తప్పింది, నాకు చెప్పు" అని అడిగితే చాలు. తిట్టకుండా వినండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు