గాలం కర్రకు పూత, చేతికి తొడుగు

ఈ నెల కూడా డాక్టరుగారు బి.పి., షుగరు అంటూ భయపెడతారనుకున్నవారు నిశ్చింతగా ఊపిరి పీల్చుకోవచ్చు. ఈసారి చేపలు పట్టే గాలం కర్ర గురించి రాస్తున్నాను. మందు మాట చివర్లో ఎలాగూ వస్తుంది. వృత్తి ధర్మం కదా!

కతార్ వచ్చాక మనలో చాలామందికి అబ్బిన సరదా చేపల వేట. శుక్రవారం తెల్లవారకముందే అల్ వక్రా వైపో, అల్ ఖోర్ వైపో కార్లు బయల్దేరతాయి. మన వంజరాన్ని ఇక్కడ కనద్ అంటారని ఆ ఒడ్డునే తెలుసుకున్నాం. మా మిత్రులొకరు, సివిల్ ఇంజనీరు, ఇంకో మెట్టు ఎక్కారు. వట్టి ఫైబర్ కర్ర తెప్పించి, దారం పోయే రింగులను నైలాన్ దారంతో తామే చుట్టి, పైన ఎపాక్సీ పూత వెయ్యడం మొదలుపెట్టారు. మనింట్లో విరిగినవి అతికించే ఆరల్డైట్ ఈ కుటుంబానిదే. స్విట్జర్లాండులోని సీబా కంపెనీ దాన్ని 1946లో తెచ్చింది.

ఈ పూత రెండు సీసాల్లో వస్తుంది: ఒకటి రెజిన్, రెండోది హార్డెనర్. మామూలుగా రెండూ సమపాళ్ళలో కలపాలి. ఒకటి ఎక్కువైతే పూత ఎన్నాళ్ళైనా జిగురుగానే ఉంటుంది. కలిపాక గిన్నెలో కుప్పగా వదిలితే తన వేడికి తానే త్వరగా గట్టిపడుతుంది. వెడల్పాటి రేకుమీద పలచగా పరిస్తే కాస్త వ్యవధి దొరుకుతుంది. మొదటి పూత పలచగా వేసి దారంలోకి ఇంకనివ్వాలి. అది గట్టిపడ్డాక రెండోది. పూత జారి ఒకవైపు బొట్టు కట్టకుండా కర్రను చిన్న మోటారుతో కొన్ని గంటలు నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి. మన ఏటికొప్పాక బొమ్మలకూ తిరిగే కర్రమీదే లక్క పట్టిస్తారు. అక్కడ రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. ఇక్కడ పూత తనంతట తాను గట్టిపడేదాకా మనం ఓపిక పట్టాలి.

కొలతకు నేను ఇంజెక్షను సిరంజిలు ఇచ్చి గొప్ప సాయం చేశాననుకున్నాను. పూతనిండా చిన్న చిన్న గుంటలు పడ్డాయి! సిరంజిలో రబ్బరు సులువుగా జారడానికి రాసే సిలికోన్ నూనె చేసిన పని అది. ఇంకోసారి, ఇంట్లో వాసన వస్తోందని ఆగస్టు నెలలో బాల్కనీలో పూత వేశారు. ఆ ఉక్కపోతలో గాలిలోని తేమ తగిలి పైన మైనంలాంటి పొర కట్టింది. గోరువెచ్చని నీళ్ళతో కడిగి ఆరబెడితేగాని మరో పూత నిలవలేదు.

ఇవన్నీ దిద్దుకోగల తప్పులు. అసలు తప్పు నాది. రెండు నెలలకు ఆయన వేళ్ళ సందులు పగిలి, దురదలు పుట్టి, కనురెప్పలు వాచాయి. ఎండ, చెమట, సబ్బు అని చెప్పి ఆయింట్‌మెంటు రాసిచ్చాను. తగ్గింది, మళ్ళీ వచ్చింది. మూడోసారి వాళ్ళావిడ అన్నారు: "అన్నయ్యగారూ, శుక్రవారం ఆ కర్రతో కూర్చుంటారు, ఆదివారానికల్లా కళ్ళు వాస్తున్నాయి. మీరు చూడట్లేదూ?" చూస్తూనే ఉన్నాను. పక్కనే కూర్చుని మోటారు తిప్పింది నేనే!

చర్మవైద్యుడి దగ్గర వీపుమీద 48 గంటలు పట్టీలు అంటించి పరీక్ష చేయిస్తే ఎపాక్సీ రెజిన్ అలర్జీ అని తేలింది. ఒకసారి ఒంటికి పట్టిందంటే సాధారణంగా జీవితాంతం వదలదు. ఆయన వెంటనే అడిగిన ప్రశ్న ఇప్పటికీ నా చెవుల్లో ఉంది: "సైట్లో ఫ్లోరు పెయింటు కూడా ఎపాక్సీయే కదండీ. నా ఉద్యోగం మాటేమిటి?" ఉద్యోగంతోనే వీసా, వీసాతోనే పిల్లల చదువు ముడిపడిన దేశంలో ఆ ప్రశ్న బరువెంతో మీకు వేరే చెప్పనక్కర్లేదు. నా దగ్గర జవాబు లేకపోయింది. అదృష్టవశాత్తూ, అడగ్గా అడగ్గా, ఆయన్ను ఆఫీసులో ఎస్టిమేట్ల పనికి మార్చారు.

కాబట్టి ఈ సరదా ఉన్నవారికి నా మనవి. ఉత్త చేత్తో పచ్చి పూత ముట్టవద్దు. నైట్రైల్ తొడుగులు వేసుకోండి. పలచని లేటెక్స్‌వి చాలవు. అంటుకుంటే థిన్నరుతో, ఎసిటోన్‌తో రుద్దకండి, అవి చర్మాన్ని ఇంకా పాడుచేస్తాయి. సబ్బు, నీళ్ళు చాలు. గది కిటికీ తెరవండి. పూర్తిగా గట్టిపడని పూతను గరుకు కాగితంతో రుద్దకండి. వేళ్ళమీద దద్దురు లేస్తే డాక్టరుకు ఉద్యోగంతోపాటు సెలవురోజు వ్యాపకం కూడా చెప్పండి. మావాళ్ళు అడగడం మరిచిపోతారు!

ఆ కర్రకు ఆఖరి పూత నేనే వేశాను, తొడుగులు వేసుకుని. ఆయన అవతలి గదిలో కూర్చుని, తలుపు సందులోంచి "ఇంకాస్త పలచగా డాక్టరుగారూ" అంటూ ఆజ్ఞలు జారీ చేశారు. పూర్తిగా గట్టిపడ్డ పూతతో సాధారణంగా ప్రమాదం లేదు గనుక, కొన్నాళ్ళు ఆగి గాలం మాత్రం ఆయనే వేశారు. ఆ రోజు చేప పడలేదు. అయినా ఇద్దరం సంతోషంగానే ఇంటికి వచ్చాం.